కస్టమ్ ఫీల్డులు: అనువాదం చేశాక కూడా సైటు సగం ఇంగ్లిష్‌లోనే ఎందుకు మిగిలిపోతుంది?

హైదరాబాద్ శివార్లలో ఇళ్ల స్థలాల లిస్టింగులు పెట్టే ఒక వెబ్‌సైటును ఊహించుకుందాం. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద, ఇంగ్లిష్‌లో మొదలైంది. షాద్‌నగర్, ఘట్‌కేసర్ వైపు స్థలం చూసేవాళ్లు తెలుగులో చదవడానికే ఇష్టపడుతున్నారని తేలాక అనువాద ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించే ప్రోగ్రామ్) వేశారు. లిస్టింగ్ పేరు తెలుగులోకి వచ్చింది. వివరణ కూడా వచ్చింది. దాని కింద, కస్టమ్ ఫీల్డులతో (పేజీకి అదనంగా చేర్చే విడి గడులతో) నింపే వివరాల పట్టికలో మాత్రం ధర, ఫేసింగ్, అప్రూవల్ అన్నీ ఇంగ్లిష్‌లోనే మిగిలాయి. కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఒకచోట ఫొటో రావాల్సిన జాగాలో 4172 అనే అంకె కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు ప్లగిన్ పనిచేయడం లేదని మార్చేయడం మామూలే. మార్చినా చాలాసార్లు అదే పరిస్థితి, కాకపోతే ఇంకో రూపంలో.

క్లుప్తంగా: కస్టమ్ ఫీల్డులో ఉన్నది మాటో, అంకో, ఇంకో పేజీకి గుర్తో డేటాబేస్ చెప్పదు. అందుకే ఏ ఫీల్డును అనువదించాలి, దేన్ని కాపీ చేయాలి అన్నది ప్లగిన్ తనంతట తాను తేల్చలేదు. ఆ వర్గీకరణ సైటు కట్టినవాళ్లే చేయాలి. ప్లగిన్ల మధ్య అసలు తేడా అనువాదాన్ని ఎక్కడ దాస్తాయన్న దాంట్లో ఉంది.

ఫీల్డు ఎక్కడ దాగి ఉంటుంది

వర్డ్‌ప్రెస్‌లో ఒక పేజీ శీర్షిక, ప్రధాన పాఠ్యం 'పోస్ట్స్' అనే టేబుల్‌లో ఉంటాయి. కస్టమ్ ఫీల్డులు అక్కడ ఉండవు. అవి 'పోస్ట్‌మెటా' అనే వేరే టేబుల్‌లో, ఒక్కో ఫీల్డుకు ఒక్కో వరుసగా ఉంటాయి. ఆ వరుసలో నాలుగే గడులు: వరుస నంబరు, అది ఏ పోస్టుకు చెందిందో చెప్పే నంబరు, ఫీల్డు పేరు, విలువ. భాష ఏదో చెప్పే గడి లేదు. విలువ ఎలాంటిదో చెప్పే గడీ లేదు. 'ఈస్ట్' అన్న మాట, 4500000 అన్న ధర, ఫొటో నంబరు 4172, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ఒకే రకం గడిలో, ఒకే రకం అక్షరాల వరసగా కూర్చుంటాయి.

అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్, అంటే అందరూ ఏసీఎఫ్ అనే ప్లగిన్, దీని మీద ఇంకో పొర వేస్తుంది. ప్రతి ఫీల్డుకు రెండు వరుసలు రాస్తుంది. ఒకదాంట్లో విలువ ఉంటుంది. రెండోదాని పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది, అందులో ఆ ఫీల్డు అసలు నిర్వచనం తాలూకు గుర్తు ఉంటుంది. ఈ రెండో వరుసను చూసే అది ఫొటోనా, తేదీనా, మామూలు పాఠ్యమా అన్నది ఏసీఎఫ్ తెలుసుకుంటుంది. అనువాదం చేసేటప్పుడు విలువ ఒక్కటే కాపీ అయి గుర్తు వరుస కాపీ కాకపోతే, ఫొటో అని తెలియక ఉత్త నంబరును పేజీ మీద పరుస్తుంది. పైన చెప్పిన 4172 కథ అదే. చాలా సందర్భాల్లో ఆ పేజీని ఎడిటర్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే సరిపోతుంది, ఎందుకంటే సేవ్ చేసినప్పుడు ఏసీఎఫ్ రెండు వరుసలూ రాస్తుంది.

లెక్క కూడా చూడాలి. 500 లిస్టింగులు, ఒక్కోదానికి 40 ఫీల్డులు, ఫీల్డుకు రెండు వరుసలు, మూడు భాషలు అనుకుంటే 1,20,000 వరుసలు. పేరు గడికి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) ఉంది కానీ విలువ గడికి లేదు. కాబట్టి 'ఈస్ట్ ఫేసింగ్, 50 లక్షల లోపు' అని వడపోసే పేజీ భాషలు పెరిగేకొద్దీ నెమ్మదిస్తే అందులో వింతేమీ లేదు.

'ఫీల్డు అనువాదం' అనే మాటలో మూడు పనులు

అయోమయంలో సగం ఈ మాట దగ్గరే పుడుతోంది. తెర మీద 'ఫేసింగ్: ఈస్ట్' అని కనబడితే అందులో రెండు మాటలు ఉన్నాయి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయి.

'ఫేసింగ్' అన్న లేబుల్ చాలా సైట్లలో థీమ్ (సైటు రూపురేఖల కట్ట) ఫైల్లో నేరుగా రాసి ఉంటుంది. దాన్ని కస్టమ్ ఫీల్డు సెట్టింగుల్లో ఎంత వెతికినా దొరకదు. థీమ్ రాసినవారు ఆ మాటను వర్డ్‌ప్రెస్ అనువాద ఫంక్షన్‌లో పెట్టి ఉంటే భాషా ఫైలు ద్వారానో, ప్లగిన్‌లోని స్ట్రింగ్ ట్రాన్స్‌లేషన్ పేజీ ద్వారానో మార్చవచ్చు. పెట్టకపోతే ముందు కోడ్ సరిచేయాలి. 'ఫీల్డులన్నీ అనువదించాం, కానీ ధర దగ్గర ఇంకా ప్రైస్ అనే వస్తోంది' అన్న ఫిర్యాదుకు మూలం దాదాపు ఎప్పుడూ ఇదే.

'ఈస్ట్' అన్నది విలువ. అది కూడా రెండు రకాలుగా ఉండవచ్చు. ఎడిటర్ చేత్తో టైప్ చేసిన పాఠ్యం కావచ్చు, జాబితా నుంచి ఎంచుకున్నది కావచ్చు. జాబితా అయితే డేటాబేస్‌లో ఉండేది ఒక సంకేతం, తెర మీద కనబడేది దాని పేరు. సంకేతం అన్ని భాషల్లో ఒకటే ఉండాలి, పేరు మాత్రం మారాలి. ఈ తేడా తెలియక సంకేతాన్నే 'తూర్పు' అని మార్చేస్తే తెలుగు పేజీ చూడటానికి బాగానే ఉంటుంది. వడపోత మాత్రం పాత సంకేతం కోసం వెతికి, ఒక్క స్థలమూ లేదంటుంది.

మూడోది పేజీలకు సంబంధం లేని ఫీల్డులు: పైన ఫోన్ నంబరు, అడుగున ఆఫీసు అడ్రస్, పండగ ఆఫర్ వాక్యం. ఇవి ఏ పోస్టుకూ చెందవు, 'ఆప్షన్స్' టేబుల్‌లో ఉంటాయి. పోస్టుల అనువాదం వీటి జోలికి రాదు. ఏసీఎఫ్ ఆప్షన్స్ పేజీ వాడితే, అనువాద ప్లగిన్‌తో అనుసంధానం ఉన్నప్పుడు మిగతా భాషల విలువలను భాషా కోడ్ చేర్చిన వేరే పేర్లతో దాస్తుంది. కాబట్టి అడ్మిన్‌లో పైన భాష మార్చుకుని అదే పేజీని మళ్లీ నింపాలి. ఈ ఒక్క అడుగు మరిచిపోవడం వల్ల అడుగు భాగం ఖాళీగా కనబడే సైట్లు తక్కువేమీ కాదు.

ప్లగిన్లు పట్టే దారులు

మొదటి దారిలో ప్రతి భాషకు ఒక విడి పోస్టు ఉంటుంది. డబ్ల్యూపీఎంఎల్, పాలీల్యాంగ్ రెండూ ఈ కోవలోవే. ఇంగ్లిష్ లిస్టింగ్ ఒక పోస్టు, తెలుగు లిస్టింగ్ ఇంకో పోస్టు, రెంటినీ కలిపే ముడి ఒకటి. ఆ ముడిని డబ్ల్యూపీఎంఎల్ తన సొంత టేబుల్‌లో వేస్తుంది, పాలీల్యాంగ్ వర్డ్‌ప్రెస్‌లో ఉన్న ట్యాక్సానమీలనే (పోస్టులను గుంపులుగా విడదీసే వర్గాలనే) వాడుకుంటుంది. రెండు పోస్టులకూ విడివిడిగా కస్టమ్ ఫీల్డులు ఉంటాయి కాబట్టి స్వేచ్ఛ ఎక్కువ. ఆ రెంటినీ కలిపి నడిపించే బాధ్యతా అంతే ఎక్కువ.

రెండో దారి క్యూట్రాన్స్‌లేట్ కుటుంబానిది, ఇప్పుడు ఎక్స్‌టీ అనే రూపంలో ఉంది. ఒకే పోస్టు, ఒకే ఫీల్డు. అందులోనే భాషా గుర్తులు పెట్టి ఇంగ్లిష్, తెలుగు పాఠ్యాలు పక్కపక్కనే దాస్తారు. డేటాబేస్ చిన్నగా ఉంటుంది, సింక్ (భాషల మధ్య విలువలను ఒకేలా ఉంచడం) గొడవ అసలే లేదు. కానీ ప్లగిన్ తీసేసిన రోజు గుర్తులతో సహా అన్ని భాషలూ తెర మీదికి వచ్చి పడతాయి. అక్షర క్రమంలో పేర్చడం కూడా ఆ గుర్తులతో మొదలయ్యే పాఠ్యం మీదే జరుగుతుంది.

ట్రాన్స్‌లేట్‌ప్రెస్, వెగ్లాట్ ఇంకోలా పనిచేస్తాయి. ఇవి ఫీల్డు ఎక్కడిదని అడగవు. పేజీ మొత్తం తయారయ్యాక, బయటికి వెళ్లేముందు అందులోని మాటలను పట్టుకుని మార్చేస్తాయి. లేబుల్, విలువ, ఆఫర్ వాక్యం అన్న తేడా లేకుండా కనబడేదంతా దొరుకుతుంది. చిన్న సైటుకు ఇదే సుఖం. ఇబ్బంది ఇంకోచోట ఉంది: అనువాదం మూల వాక్యానికి అతుక్కుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒక కామా మార్చినా అది కొత్త వాక్యం కిందే లెక్క. ధర 45 లక్షల నుంచి 47 లక్షలకు మారి, అది పాఠ్యంగా రాసి ఉంటే, మళ్లీ అనువదించాలి. రోజూ రేట్లు మారే సైటుకు ఇది తలనొప్పే.

మల్టీలింగ్వల్‌ప్రెస్ మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌తో పలు సైట్లు నడిపే పద్ధతి) మీద భాషకో సైటు నడుపుతుంది. పెద్ద సంస్థలకు తప్ప ఇంత సరంజామా అవసరం పడదు.

పోలిక కోసం వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన ద్రూపల్ చూస్తే తేడా తెలుస్తుంది. 2015 నవంబరులో వచ్చిన ద్రూపల్ 8 నుంచి బహుభాషా సదుపాయం అందులో అంతర్భాగమే. ఏ ఫీల్డు అనువాదానికి తగినదో టిక్కు పెడితే చాలు, మిగతావి అన్ని భాషలకూ ఉమ్మడిగా ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో ఆ పని చేసే భాగం ఇప్పటికీ బయటి ప్లగిన్లే. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0తో వచ్చిన గూటెన్‌బర్గ్ (కొత్త ఎడిటర్) ప్రాజెక్టు నాలుగు దశల ప్రణాళికలో బహుభాషా సదుపాయం చివరిది, నాలుగోది.

కాపీనా, అనువాదమా

విడి పోస్టుల దారిలో అసలు పని ఇక్కడే ఉంది. డబ్ల్యూపీఎంఎల్ ప్రతి ఫీల్డుకు నాలుగు ఎంపికలు ఇస్తుంది: అనువదించు, కాపీ చెయ్యి, ఒకసారి మాత్రం కాపీ చెయ్యి, వదిలెయ్యి. కాపీ అంటే మూల భాషలో మారినప్పుడల్లా అనువాదంలోనూ మారుతుంది. ఒకసారి కాపీ అంటే అనువాదం మొదట తయారైనప్పుడు తెచ్చి పెడుతుంది, ఆ తర్వాత ముట్టుకోదు.

స్థలాల సైటుకు దీన్ని వర్తింపజేద్దాం. రెరా నంబరు కాపీ, అందులో వాదన లేదు. ఫోన్ నంబరు మామూలుగా కాపీయే, కాకపోతే తెలుగు కాల్స్‌కు వేరే మనిషి ఉంటే ఒకసారి కాపీ. వివరణ అనువాదం. చిక్కు వచ్చేది ధర, విస్తీర్ణం దగ్గర.

చాలా సైట్లలో ధరను '45 లక్షలు' అనో '1.2 కోట్లు' అనో పాఠ్యంగా టైప్ చేస్తారు. అలా ఉంటే దాన్ని అనువదించక తప్పదు. అనువదించాక రెండు భాషల్లో రెండు విలువలు, ఒకటి మారితే ఇంకోటి మారదు. ధర ప్రకారం పేర్చమంటే 1.2 కంటే 45 పెద్దది కాబట్టి కోటీ ఇరవై లక్షల స్థలం నలభై అయిదు లక్షలదాని కంటే చవకగా లెక్కకొస్తుంది. అదే ధరను 4500000 అని ఉత్త అంకెగా దాచి, లక్షలు అన్న మాటను చూపించేటప్పుడు టెంప్లేట్ కలిపితే ఫీల్డు హాయిగా కాపీ అవుతుంది. అనువదించాల్సింది 'లక్షలు' అన్న ఒక్క మాటే, అదీ ఒక్కసారే.

విస్తీర్ణమూ అంతే. ఇంగ్లిష్ పేజీలో 200 చదరపు గజాలు, తెలుగు పేజీలో 200 గజాలు. అంకె ఒకటే. పొలం అయితే ఎకరాలు, గుంటలు: గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. ఫ్లాట్ అయితే చదరపు అడుగులు, హైదరాబాద్ మాటల్లో ఎస్ఎఫ్‌టీ. ఏ కొలతలో ఉందన్నది విడి ఫీల్డుగా, జాబితా నుంచి ఎంచుకునేలా పెడితే అనువాద సమస్య సగానికి సగం మాయమవుతుంది. నిజానికి ఇది అనువాద ప్లగిన్ రాకముందే చేయాల్సిన పని. ఫీల్డులు సరిగ్గా విడగొట్టని సైటును ఏ ప్లగినూ కాపాడలేదు.

పాలీల్యాంగ్ ఉచిత వెర్షన్‌లో కథ వేరు. అందులో కస్టమ్ ఫీల్డుల సింక్ ఒకే ఒక్క టిక్కు: పెడితే అన్నీ, తీస్తే ఏవీ కావు. పైగా ఆ సింక్ రెండువైపులా నడుస్తుంది, చివరగా ఎవరు సేవ్ చేస్తే వారి మాటే నెగ్గుతుంది. ధరలు కలిసి మారాలని టిక్కు పెట్టినవారు, ఇంగ్లిష్ లిస్టింగ్ సేవ్ చేయగానే తెలుగు వివరణ ఫీల్డులోకి ఇంగ్లిష్ వచ్చి కూర్చోవడం చూసి టెన్షన్ పడతారు. ఫీల్డులవారీగా ఎంచుకోవాలంటే కొద్దిపాటి కోడ్ రాసి కాపీ జాబితాను మార్చాలి, లేదా ప్రో వెర్షన్‌లోని ఏసీఎఫ్ అనుసంధానం వాడాలి. థీమ్‌లు, ప్లగిన్లు తమ ఫీల్డుల వర్గీకరణను ముందే రాసి ఇచ్చే ఎక్స్ఎంఎల్ కాన్ఫిగ్ ఫైలు డబ్ల్యూపీఎంఎల్ కోసం పుట్టినదే అయినా దాన్ని పాలీల్యాంగ్ కూడా చదువుతుంది. అందుకే సెట్టింగుల్లో ఎవరూ ముట్టుకోని ఫీల్డు తనంతట తాను 'కాపీ' అయిపోయి ఉంటే ముందు అనుమానించాల్సింది ఆ ఫైలునే.

రిపీటర్లు, సంబంధాలు, మ్యాపులు

లేఅవుట్ సదుపాయాల జాబితా లాంటిది రిపీటర్ ఫీల్డులో (ఒకే రకం అంశాలను ఎన్నైనా చేర్చే ఫీల్డులో) పెడతారు. ఏసీఎఫ్ దీన్ని దాచే తీరు గమనించదగ్గది: రిపీటర్ పేరు మీద ఎన్ని అంశాలున్నాయో ఆ సంఖ్య, ఒక్కో అంశానికి వరుస సంఖ్య చేర్చిన పేరుతో విడి విలువ. ఇంగ్లిష్‌లో మూడు, తెలుగులో అయిదు అంశాలు రాశారనుకోండి. సంఖ్య గడికి 'కాపీ' అని, లోపలి ఫీల్డులకు 'అనువదించు' అని ఉంటే తెలుగు సంఖ్య మూడుకు తగ్గిపోతుంది. చివరి రెండు అంశాలు డేటాబేస్‌లో క్షేమంగానే ఉంటాయి, తెర మీద మాత్రం ఉండవు. రెండు భాషల్లో అంశాల సంఖ్య ఒకటే ఉండేలా నియమం పెట్టుకోవడం అన్నిటికంటే సులువు.

'ఇదే ప్రాంతంలోని ఇతర స్థలాలు' లాంటి రిలేషన్‌షిప్ ఫీల్డులో ఉండేవి పోస్టు నంబర్లు. నంబరును ఉన్నదున్నట్టు కాపీ చేస్తే తెలుగు పేజీలోంచి నొక్కినవారు ఇంగ్లిష్ లిస్టింగ్‌లో తేలతారు. డబ్ల్యూపీఎంఎల్‌కు ఏసీఎఫ్ కోసం ఉన్న అనుబంధ ప్లగిన్ ఈ నంబర్లను అనువాదపు నంబర్లుగా మారుస్తుంది. సొంత కోడ్ ఉన్నచోట ఆ మార్పిడిని విడిగా అడగాలి. గూగుల్ మ్యాప్ ఫీల్డు ఇంకో మొండిఘటం. అక్షాంశం, రేఖాంశం, చిరునామా మూడూ ఒకే మూటగా ఉంటాయి. మొదటి రెండు కాపీ కావాలి, మూడోది అనువాదం కావాలి, మూట మాత్రం ఒకటే. తెలుగు చిరునామాకు విడి ఫీల్డు పెట్టడమే దారి.

చిన్న మాట, పెద్ద పొరపాటు

యంత్ర అనువాదం పెద్ద పేరాల కంటే కస్టమ్ ఫీల్డుల్లోనే ఎక్కువ తడబడుతుంది. కారణం తెలివి తక్కువై కాదు, సందర్భం లేక. పేరాలో పక్క వాక్యాలు అర్థాన్ని పట్టిస్తాయి. ఫీల్డులో ఉండేది ఒకటి రెండు మాటలే. 'క్లియర్ టైటిల్' అని ఒంటరిగా ఇస్తే 'స్పష్టమైన శీర్షిక' అని రావచ్చు. 'ప్లాట్' కథలోని ఇతివృత్తంగా మారవచ్చు. ఇక 'ఈస్ట్ ఫేసింగ్'ను 'తూర్పు ముఖంగా' అంటే తప్పు కాదు, కానీ కొంపల్లిలో స్థలం చూడటానికి వచ్చే మనిషి అనే మాట 'ఈస్ట్ ఫేసింగే'. '2 బీహెచ్‌కే'ను విడమరిచి రాస్తే చదివేవాడు ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఇలాంటి మాటలు ఒక సైటుకు ఏ నలభయ్యో యాభయ్యో ఉంటాయి. వాటికి ముందుగానే పదకోశం పెట్టుకుంటే సరి.

తెలుగు రాతలోనే ఒక చిక్కు ఉంది. 'కూకట్‌పల్లి'లో పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది. అది లేకుండా టైప్ చేస్తే ట కింద పావత్తు చేరి 'కూకట్పల్లి' అవుతుంది. కోడ్‌లో పోల్చి చూస్తే ఇవి రెండు వేర్వేరు మాటలు. ప్రాంతం పేరును చేత్తో టైప్ చేసే ఫీల్డుగా ఉంచితే ఒకే ప్రాంతం జాబితాలో రెండుసార్లు కనిపించే ప్రమాదం ఉంది. ప్రాంతాలను ట్యాక్సానమీగా పెట్టి, పేరును ఒక్కసారే అనువదించడం మేలు.

పేజీ చిరునామాలో ఆ పేజీ పేరును చూపే ముక్క, అంటే స్లగ్ కూడా ఇలాంటిదే. వర్డ్‌ప్రెస్ దాన్ని శాతం గుర్తులతో మార్చి 200 అక్షరాల గడిలో దాస్తుంది. ఒక్కో తెలుగు అక్షరం లేదా గుణింతపు గుర్తు తొమ్మిది అక్షరాలు తింటుంది. 'హైదరాబాద్' అన్న ఒక్క మాటకే 81 ఖర్చు. 22 గుర్తులు దాటితే తోక తెగుతుంది. అందుకే తెలుగు పేజీలకైనా చాలామంది స్లగ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచుతారు. అది సోమరితనం కాదు, లెక్క.

మూడో భాష ఉర్దూ అయితే

తెలంగాణలో 2017లో ఉర్దూకు రాష్ట్రవ్యాప్తంగా రెండో అధికార భాష హోదా వచ్చింది. పాతబస్తీ కొనుగోలుదారులను చూసుకునే సైటుకు ఉర్దూ పేజీ అవసరమే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కాపీ చేసిన ఫీల్డే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది: ఉర్దూ మాట తర్వాత హైఫన్ ఉన్న ఫోన్ నంబరు వస్తే, యూనికోడ్ దిశా నియమాల ప్రకారం ముక్కలు తారుమారై, 040 అన్న కోడ్ చివరికి వెళ్లినట్టు కనిపిస్తుంది. డేటా సరిగ్గానే ఉంటుంది, చూపే క్రమం మారుతుంది. టెంప్లేట్‌లో ఆ నంబరుకు ఎడమ నుంచి కుడికి అన్న దిశను విడిగా పెట్టాలి. దీన్ని అనువాద ప్లగిన్ చేసిపెడుతుందని ఆశించడానికి లేదు.

ఏసీఎఫ్ వివాదం, దాని ప్రభావం

2024 అక్టోబరులో వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ప్లగిన్ డైరెక్టరీలోని ఏసీఎఫ్ పేజీ 'సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్'గా మారింది. 2022 నుంచి ఏసీఎఫ్‌ను చూసుకుంటున్న డబ్ల్యూపీ ఇంజిన్ సంస్థకూ వర్డ్‌ప్రెస్ నాయకత్వానికీ మధ్య నడిచిన గొడవ దీనికి నేపథ్యం. ఆ డిసెంబరులో అమెరికా కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు తర్వాత ఏసీఎఫ్ మళ్లీ తన పేజీకి వచ్చింది. సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ విడి ప్లగిన్‌గా కొనసాగింది. కొత్తది పాతదాని నకలే కాబట్టి విలువ వరుస, గుర్తు వరుస అన్న నిల్వ పద్ధతి రెంటిలోనూ ఒకటే. ఇప్పటికే ఉన్న అనువాదాలకు దీనివల్ల నష్టమేమీ లేదు. చూసుకోవాల్సింది అనువాద ప్లగిన్ తాలూకు ఏసీఎఫ్ అనుబంధం రెంటిలో దేన్ని గుర్తుపడుతుందన్నదే. అనుబంధం ఉందిగా అని అప్‌డేట్ చేసేముందు కాపీ సైటు (అసలు సైటుకు పరీక్ష నకలు) మీద చూడటం మంచిది.

ఆ కాపీ సైటు మీద పరీక్షకు పెద్ద తతంగం అక్కర్లేదు. ఒక లిస్టింగ్ తీసుకుని ఇంగ్లిష్‌లో ధర మార్చి సేవ్ చేయాలి, తెలుగు పేజీలో ధర మారిందా, వివరణ చెదరకుండా ఉందా చూడాలి. తర్వాత తెలుగు వివరణలో ఒక వాక్యం మార్చి సేవ్ చేసి, ఇంగ్లిష్ పేజీని తెరవాలి. సింక్ ఎటువైపు నడుస్తోందో ఈ రెండు సేవ్‌లలోనే తెలిసిపోతుంది.